హుస్సేన్ సాగర్‌లో మొదటి పడవ: పాతది కొనేముందు తట్టి, తూచి, నీళ్లు పోసి చూడండి

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో నాది బోగీల మరమ్మతు పని. 28 ఏళ్ల సర్వీసు. సుత్తితో కొట్టి చప్పుడు వినడం మాకు మొదటి రోజు నుంచే నేర్పుతారు. చక్రం బాగుంటే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. లోపల పగులుంటే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. అలాంటి నేను నా మొదటి పడవను మాత్రం ఒక్కసారి కూడా తట్టి చూడకుండా కొన్నాను. అమ్మేవాళ్లు తెల్లటి తెరచాప ఎత్తి చూపించారు, అది గాలికి రెపరెపలాడింది, నేను 85 వేలు ఇచ్చేశాను.

మూడో ఆదివారం. జులై నెల, పడమర గాలి బాగా వీస్తోంది. బుద్ధ విగ్రహం దాటి సంజీవయ్య పార్కు వైపు తిరుగుతున్నాను. ఒక విసురు వచ్చింది. నా మోకాళ్ల ముందు ఎండుకట్టె విరిగినట్టు ఫట్‌మని చప్పుడైంది. మాస్ట్, అంటే తెరచాప కర్ర, కూర్చునే గుంట లోపల బద్దలైంది. మాస్ట్ పక్కకి ఒరుగుతూ డెక్‌ను (పడవ పైకప్పును) జానెడు మేర చీల్చేసింది. తెరచాపతో సహా నేను నీళ్లలో ఉన్నాను. రెస్క్యూ బోటు వచ్చి ఒడ్డుకు లాక్కెళ్లింది. బాగు చేయడానికి 22 వేలు, నాలుగు నెలలు పట్టింది. ఆ వానాకాలం గాలి మొత్తం పోయింది.

క్లబ్బులో పాతికేళ్లుగా పడవలు దించుతూ, ఎత్తుతూ ఉన్న బోట్‌మన్ ఒకాయన ఉన్నాడు. మేమంతా పెద్దన్న అంటాం. ఆ రోజు చీలిన డెక్ వైపు చూసి, "తమ్మీ, తెరచాప జూసి ఆగం గావద్దు. ముందుగాల కర్ర కాలు జూడాలె" అన్నాడు. కర్ర కాలు అంటే మాస్ట్ అడుగుభాగం, అది కూర్చునే చోటు. ఆ మాట నాకు ఆరు నెలల ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పడవ చూడటానికి వెళ్లేముందు ఒక విషయం తేల్చుకోండి: దాన్ని ఎక్కడ పెడతారు? మన ఊళ్లో తెరచాప పడవ అంటే దాదాపు హుస్సేన్ సాగరే. అక్కడ ఎవరు పడితే వాళ్లు ఒడ్డు మీద పడవ పెట్టి నీళ్లలోకి దించుకోలేరు. సెయిలింగ్ క్లబ్బులున్నాయి, వాటిలో సభ్యత్వం, పడవ పెట్టుకునే చోటు, రెస్క్యూ బోటు ఉంటాయి. గండిపేట, హిమాయత్ సాగర్ తాగునీటి చెరువులు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. చోటు ఖాయమయ్యాకే డబ్బు బయటికి తీయండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెడదామనుకుంటే 14 అడుగుల పడవ ఒక కారు స్థలం మొత్తం తినేస్తుంది.

ఏ పడవ? పెద్దవాళ్లకు మొదటి పడవగా నేను లేజర్ అనే చెబుతాను. ఒక్కరు నడిపేది. 2019 నుంచి దాని అధికారిక పేరు ఐఎల్‌సీఏ అయినా ఒడ్డున అందరూ లేజర్ అనే అంటారు. ప్రపంచంలో 2 లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. దీనివల్ల మనకు కలిగే లాభం ఏమిటంటే, ప్రతి పగులూ ప్రతి లీకూ ఇంతకుముందు ఎవరికో వచ్చినదే, దాన్ని బాగుచేసే పద్ధతి కూడా ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఇంకో మంచి విషయం, హల్ (పడవ ఒళ్లు) ఒక్కటే, తెరచాపలు మూడు సైజులు: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. సైజు మారితే తెరచాప, మాస్ట్ కింది ముక్క మారతాయి, అంతే. కాబట్టి మీరు 80 కిలోలున్నా, మీ ఇంటర్ చదివే అమ్మాయి 50 కిలోలున్నా ఇద్దరికీ అదే హల్ పనికొస్తుంది. అందుకని చూడాల్సింది ముందు హల్‌నే. మిగతావన్నీ తర్వాతైనా కొనుక్కోవచ్చు.

పొద్దున ఏడింటికి వెళ్లండి, మధ్యాహ్నం వద్దు. ఏటవాలు ఎండలో ఫైబర్ మీది ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి, నడినెత్తి ఎండలో అన్నీ నున్నగానే ఉంటాయి. పడవ వెనక నేల మీద కూర్చుని, కన్ను హల్ అంచుకు ఆనించి ముక్కు దాకా చూడండి. రెండు టైర్ల మీదో రెండు దుంగల మీదో ఏళ్ల తరబడి పడుకోబెట్టిన పడవకు ఆ రెండు చోట్లా సొట్టలుంటాయి. కొద్దిపాటి సొట్టతో సరదాగా తిరగడానికి ఇబ్బంది లేదు, పోటీల్లో మాత్రం వేగం తగ్గుతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: లీటరు నీళ్ల బాటిళ్లు రెండు, ఒక మార్కర్, టార్చి, ఐదు రూపాయల బిళ్ల, స్క్రూడ్రైవర్, ఇంట్లో బరువు చూసుకునే మిషన్లు రెండు (ఒకటి పక్కింట్లో అడగండి), సబ్బు నీళ్లు, స్పాంజి. ఇవి చూసి అమ్మేవాళ్ల ముఖం చిన్నబోతే అది కూడా ఒక సమాచారమే.

ముందు కర్ర కాలు. డెక్ మీద రెండున్నర అంగుళాల రంధ్రం ఉంటుంది, అందులోంచి ఒక ఫైబర్ గొట్టం కిందికి దిగి హల్ అడుగుకు అతుక్కుని ఉంటుంది. దీన్నే మాస్ట్ స్టెప్ అంటారు. తెరచాప మీద పడే గాలి బలమంతా చివరికి ఈ గొట్టం మీదికే వస్తుంది. గుంటలో ఇసుక రేణువులు పడి, మాస్ట్ తిరిగినప్పుడల్లా తిరగలిలా అడుగును అరగదీస్తాయి. చెయ్యి పట్టదు, కంటికి సరిగ్గా కనిపించదు. కాబట్టి నీళ్లే సాక్ష్యం చెప్పాలి.

పడవను సమంగా నిలబెట్టి, గుంటలోని చెత్త స్పాంజితో తీసేసి, నీళ్లు అంచు దాకా పోయండి. లీటరు పైన కొంచెం పడుతుంది. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి పావుగంట ఆగండి. నేను రెండోసారి పడవ కొనడానికి వెళ్లినప్పుడు చూసిన మొదటి పడవ ధగధగ మెరుస్తోంది, కొత్తగా పాలిష్ చేశారు. నీళ్లు పోసి గీత పెట్టాను. మొదట్లో నీటిలో పైనున్న వేపకొమ్మ నీడ కదలకుండా ఉంది. అమ్మే అబ్బాయి టీ తెప్పించాడు. సగం గ్లాసు తాగి వంగి చూస్తే గీతకూ నీటికీ మధ్య వేలెడు ఖాళీ. గోడ తడిగా మెరుస్తోంది. ఇంకో ఐదు నిమిషాలకు రెండు వేళ్లు. ఆ నీళ్లు ఎక్కడికి పోయినట్టు? పడవ కడుపులోకి. ఆ అబ్బాయికి నిజంగానే తెలియదు, అతని ముఖం చూస్తే అర్థమైంది. "అంకుల్, నేనూ ఇట్లనే కొన్నా" అన్నాడు. బాగు చేయించుకుని అమ్ముకొమ్మని చెప్పి వచ్చేశాను.

నీళ్లు నిలిచినా పని అయిపోలేదు. మాస్ట్ కింది ముక్క గుంటలో పెట్టి, పై కొసను పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ గట్టిగా ఊపండి. ఇంకొకరు డెక్‌కు చెవి ఆనించి వినాలి. కిర్రుమంటే, లేదా రంధ్రం చుట్టూ డెక్ చర్మంలా పైకీ కిందికీ ఆడితే, లోపల అతుకు వదిలేసింది. నా మొదటి పడవ కూడా తప్పకుండా కిర్రుమనే ఉంటుంది.

రంధ్రం దగ్గర డెక్ మీద నాలుగైదు అంగుళాల గుండ్రటి మూత కనిపిస్తే ఎవరో ఒకప్పుడు లోపలికి వెళ్లి బాగు చేశారన్నమాట. చాలామంది అది చూసి వెనక్కి తగ్గుతారు. నేనైతే సంతోషిస్తాను, ఎందుకంటే మూత తిప్పి తీసి టార్చి వేసి లోపల చూడొచ్చు, సెల్‌ఫోన్ దూర్చి వీడియో తీయొచ్చు. గొట్టం అడుగు చుట్టూ ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ మందంగా పరిచి ఉంటే ఆ పడవ కొత్త దానికంటే గట్టిది. గోధుమ రంగు జిగురు ముద్దలు మాత్రమే కనిపిస్తే నమ్మొద్దు.

ఇక తట్టడం. బిళ్ల అంచుతో లేదా స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మొత్తం అంగుళం అంగుళం కొట్టుకుంటూ రండి. మన అమ్మలు కుండ కొనేటప్పుడు చేసేది ఇదే. బాగున్నచోట టక్ టక్‌మని ఒకే శ్రుతి. డెక్ రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ పెట్టి చేస్తారు. పొర ఫోమ్‌ను వదిలేసిన చోట చప్పుడు బొత్తిగా మూగగా మారుతుంది. ఆ చోట బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుంది. ముఖ్యంగా కూర్చునే అంచులు, కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే గుంట) నేల, మాస్ట్ ముందు భాగం. అరచేయంత మెత్తటి చోటు ఒకటుంటే ధర తగ్గించి తీసుకోవచ్చు, జిగురు ఎక్కించి సరిచేస్తారు. కాక్‌పిట్ నేల మొత్తం మెత్తగా ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు.

పైపూత మీద వెంట్రుకల్లాంటి గీతలు వయసు వల్ల వస్తాయి, పట్టించుకోకండి. ఒకే చోటి నుంచి నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్లుంటే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం. దాని చుట్టూ తట్టండి. తెలుపులో ఇంకో తెలుపు కలిసినట్టు మచ్చ కనిపిస్తే అక్కడ రిపేరు జరిగింది, ఎందుకు జరిగిందో అడగండి.

తర్వాత బరువు. లేజర్ ఖాళీ హల్ 59 కిలోలు ఉండాలి. రెండు మిషన్ల మీద ముందొక చెక్క, వెనకొక చెక్క వేసి హల్‌ను ఆనించి, రెండు అంకెలూ కూడి చెక్కల బరువు తీసేయండి. లీటరు నీళ్లు కిలో బరువు. కాబట్టి 67 వచ్చిందంటే దాదాపు ఎనిమిది లీటర్ల నీళ్లు ఎక్కడో దాక్కున్నాయి, లేదంటే ఎవరో బోలెడు ఫైబర్ అతికించారు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపినట్టు పడవను ఇద్దరు పట్టుకుని ముక్కు పైకీ కిందికీ ఊపండి. గలగలమంటే వెనకున్న ప్లగ్ తీసి ముక్కు పైకెత్తి బకెట్లోకి వంచండి. నీళ్లు పోయాక కూడా బరువు తగ్గకపోతే ఫోమ్ తాగేసింది. అది అంత తేలిగ్గా ఆరదు.

లీకు ఎక్కడుందో పట్టుకోవడం పంక్చర్ షాపు పనే. కాక్‌పిట్ ముందు గోడలో పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దాన్ని టేపుతో మూయండి. ప్లగ్ రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదండి. ఎయిర్ కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, అతుకులు విడిపోతాయి. ఇంకొకరు సబ్బు నీళ్లు పూస్తూ రావాలి: డెక్, హల్ కలిసే అంచు చుట్టూ, డాగర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలక) దూర్చే చీలిక లోపల, కాళ్ల పట్టీ స్క్రూల దగ్గర, అడుగునున్న బెయిలర్ (కాక్‌పిట్‌లో నీళ్లు బయటికి పోయే చిన్న తూము) చుట్టూ, చుక్కాని తగిలించే కొక్కేల చుట్టూ. బుడగలొచ్చిన చోట మార్కర్‌తో గుండ్రంగా గీయండి. స్క్రూ దగ్గర లీకులు అసలు లెక్కలోకి రావు, విప్పి సీలెంట్ పెట్టి బిగిస్తే పోతాయి. అంచు వెంట మూర పొడవున బుడగలొస్తే అది పెద్ద పని. టేపు తీయడం మరిచిపోకండి, ఆ రంధ్రం మూసి ఉంటే ఎండకు లోపలి గాలి వేడెక్కి హల్‌ను నొక్కుతుంది.

చుక్కాని కొక్కేలను చేత్తో పట్టుకుని లాగండి. కదిలితే స్క్రూలు బిగించడంతో సరిపోతుందనుకోకండి. లోపల వాటికి ఆధారంగా ఉన్న చెక్క నాని మెత్తబడి ఉండొచ్చు.

పాత పడవల్లో మాస్ట్ అంటే రెండు అల్యూమినియం గొట్టాలు. వాటిని సమంగా ఉన్న గచ్చు మీద దొర్లించండి. వంగిన గొట్టం తడబడుతూ దొర్లుతుంది. పై ముక్కలో ప్లాస్టిక్ పట్టీ బిగించిన రివెట్ దగ్గర భూతద్దం పెట్టి మరీ చూడండి. విరిగితే ముక్క అక్కడే విరుగుతుంది, ఎందుకంటే ఎక్కువ వంపు పడేచోటే రంధ్రం ఉంది. బూమ్‌కూ (తెరచాప కింది అడ్డకర్రకూ) ఇదే పరీక్ష. మద్రాసు నుంచో ముంబై నుంచో వైజాగ్ నుంచో వచ్చిన పడవైతే రివెట్ల చుట్టూ తెల్లటి పొడి ఉందేమో చూడండి. ఉప్పునీళ్లలో స్టీలు రివెట్, అల్యూమినియం కలిసినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మన చెరువు నీళ్లలో ఉప్పు సమస్య లేదు. కానీ మురుగు, గుర్రపుడెక్క ఉన్నాయి. కడగకుండా పెట్టిన పడవలో బెయిలర్, పుల్లీలు నల్లటి జిగటతో బిగుసుకుపోతాయి. పాపం, ఈ చెరువు శుభ్రంగా ఉంటే దేశంలో ఇంత అందమైన చోటు పడవవాళ్లకు ఇంకొకటి ఉండదు.

తెరచాప. దీనికి నేను ఎక్కువసేపు ఇవ్వను. కొత్త తెరచాప గంజి పెట్టిన చీరలా గరగరలాడుతుంది, చచ్చిపోయినది పాత పంచెలా మెత్తగా జారుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే తెలుస్తుంది. కుట్టు మీద గోటితో గీకండి, దారం తెగితే ఎండకు చివికిపోయిందని అర్థం. మాస్ట్ దూరే సంచి భాగాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టి రంధ్రాలు చూడండి. క్లాస్ (లేజర్ పడవల సంఘం) ముద్ర లేని ప్రాక్టీస్ తెరచాపలు తక్కువ ధరకు దొరుకుతాయి, నేర్చుకోవడానికి చాలు. ఏటా జులై ప్రాంతంలో మన సాగర్‌లో జరిగే పెద్ద పోటీల్లో దిగాలంటే మాత్రం అవి పనికిరావు. తాళ్ల సంగతి అడగకండి, ఎలా ఉన్నా మార్చేయండి. బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్‌లోనే కావాలి, రాణిగంజ్‌లో 316 గ్రేడ్ అని అడిగి తీసుకోండి.

లైఫ్ జాకెట్ పడవతో పాటు ఊరికే ఇస్తామంటే తీసుకోండి, వేసుకోకండి. మీ ఛాతీకి సరిపోయేది కొత్తది కొనుక్కోండి.

పిల్లల కోసమైతే ఆప్టిమిస్ట్. చిన్న తొట్టిలా ఉంటుంది, 35 కిలోలు, 15 ఏళ్ల లోపు వాళ్లు నడుపుతారు. అందులో గాలి సంచులు మూడు ఉంటాయి, బోల్తా పడ్డప్పుడు పడవను తేల్చేవి అవే. ముందు రోజు సాయంత్రం ఊది పెట్టించి మర్నాడు పొద్దున వెళ్లి నొక్కి చూడండి. మెత్తబడితే కొత్త సంచులు పెట్టించే దాకా పిల్లల్ని ఎక్కించొద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరం ఆడను.

అన్నీ బాగున్నాయనిపిస్తే ఆఖరి పరీక్ష నీళ్ల మీద. మీకింకా నడపడం రాకపోతే వచ్చినవాళ్లను బతిమాలి తీసుకెళ్లండి. అరగంట నడిపి, కావాలనే రెండుసార్లు బోల్తా కొట్టించి లేపి, ఒడ్డుకు తెచ్చి ప్లగ్ తీయండి. గ్లాసుడు నీళ్లొస్తే ఏ పాత పడవకైనా మామూలే. చెంబుడొస్తే లీకు వెతికించి ధర తగ్గించండి. బకెట్ నిండితే నమస్కారం పెట్టి వచ్చేయండి. నేను ఇప్పుడు నడిపే పడవ ఆ రోజు ముప్పావు గ్లాసు ఇచ్చింది. గుంటలో పోసిన నీళ్లు పావుగంటకు వెంట్రుకవాసి కూడా దిగలేదు, 61 కిలోలు తూగింది. తెరచాప మాత్రం పాత పంచె. అందుకే అంతకుముందు చూడటానికి వచ్చిన ఇద్దరు వద్దన్నారట. 70 వేలకు వచ్చింది.

బేరం కుదిరాక స్టాంపు కాగితం మీద రాయించుకోండి. హల్ నంబరు అందులో ఉండాలి. చాలా పాతవాటికి అది ముక్కు దగ్గర కొక్కెం కింద, తర్వాతవాటికి వెనక పలక మీద ఉంటుంది. కాగితం మీది అంకె, పడవ మీది అంకె, తెరచాప మీది అంకె మూడూ చదివి సరిచూసుకోండి. క్లబ్బులో పడవ తాలూకు పాత బకాయిలు లేవని ఆఫీసులో అడిగి రాయించుకోవడం మేలు. మాస్ట్, బూమ్, డాగర్‌బోర్డ్, చుక్కాని, టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర), పుల్లీలు, నీళ్లలోకి దించే చక్రాల బండి ఏవేవి వస్తున్నాయో పేరుపేరునా రాయించండి. బండి లేకుండా పడవ మాత్రమే వస్తే ప్రతి ఆదివారం నలుగురిని బతిమాలాలి.

పడవను తేవడానికి ట్రాలీ ఆటోలు, చిన్న బండ్లు సరిపోవు. పొడవు 4.23 మీటర్లు, అంటే 14 అడుగులకు అంగుళంన్నర తక్కువ. 14 అడుగుల డీసీఎం లారీ మాట్లాడుకుని, తలుపు లోపలి కొలత టేపు పెట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. కింద పాత పరుపులు వేసి, బరువంతా అంచుల మీద పడేలా పెట్టి, తాడుతో కాకుండా వెడల్పాటి పట్టీతో కట్టండి. సన్నటి తాడుతో లారీవాళ్లు బిగించే బిగింపుకు అంచు నలిగిపోతుంది. పక్కనుండి చూసుకోండి.

దించిన రోజే ప్లగ్ తీసి పక్కన కట్టి ఉంచండి. మే నెలలో మన ఎండకు మూసి ఉన్న హల్‌లో గాలి వేడెక్కి అతుకుల్ని తోస్తుంది, సాయంత్రం చల్లబడుతూ తడిని లోపలికి లాక్కుంటుంది. మా క్లబ్బులో నా పడవ ప్లగ్ ఎర్ర దారంతో చుక్కాని కొక్కేనికి వేలాడుతుంది. నీళ్లలోకి దించేముందు బిగించడం మరిచిపోతానేమోనని పెద్దన్న కట్టాడు.